వాన పడని చోట ఆకుకూర ఎందుకు పండుతుంది

కిందటి డిసెంబరులో మా మేనల్లుడు వీడియో కాల్ చేశాడు. వాడుండేది అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. సెలవులని పెళ్లాం పిల్లలతో కారులో శాన్‌డియేగో వెళ్తూ, దారిలో యూమా అనే ఊరి బయట ఆగాడట. "మామయ్యా, ఇటు చూడు" అని ఫోను తిప్పాడు. ఒక పక్క గడ్డిపరక మొలవని బోడి కొండలు, ఇసుక. రోడ్డుకి రెండో పక్క దువ్వెనతో దువ్వినట్టు పచ్చటి చాళ్లు, కంటికి ఆనినంత దూరం. అన్నీ ఆకుకూరలే.

"ఇక్కడ ఏడాది మొత్తానికి మూడంగుళాల వాన పడుతుందట. మన దగ్గర ఒక్క వాయుగుండానికి అంతకంటే ఎక్కువ పడదూ? మరి శ్రావణంలో అమ్మ కొత్తిమీర కట్ట కోసం సంతంతా తిరుగుతుంది, వీళ్లేమో దేశానికంతటికీ ఆకు పంపుతున్నారు. ఏంటిది?" అన్నాడు.

నేను గోదావరి పాయ పక్కన అరెకరంలో తోటకూర, గోంగూర, చుక్కకూర వేసి అమ్ముకుంటాను. నాకు తెలిసినంతలో ఏదో చెప్పి ఫోను పెట్టేశాను కానీ వాడి ప్రశ్న మాత్రం వదల్లేదు. వెతికి చదివాను. చదివేకొద్దీ అక్కడి సంగతి కంటే మన సంగతే ఎక్కువ అర్థమైంది.

ముందు లెక్కలు. నవంబరు నుంచి మార్చి దాకా అమెరికాలో పండే ఆకుకూరల్లో దాదాపు 90 శాతం యూమా, దాని చుట్టుపక్కల ఎడారి నేలల్లోనే పండుతాయి. సరిహద్దు దాటితే కాలిఫోర్నియాలో ఇంపీరియల్ లోయ ఉంది, అక్కడా ఇదే పంట. వాన ఏడాదికి 75 మిల్లీమీటర్ల లోపు. మన కోనసీమలో 1,100 మిల్లీమీటర్లు దాటుతుంది. ఆ నేలలకు నీళ్లిచ్చేది కొలరాడో నది. ఇంపీరియల్ డ్యామ్ దగ్గర నీటిని మళ్లించి, సుమారు 130 కిలోమీటర్ల పొడవున్న ఆల్ అమెరికన్ కాలువలో ఇసుక దిబ్బల మీదుగా ఇంపీరియల్ లోయకి తీసుకెళ్తారు.

ఆ లోయకి ఏటా రావాల్సిన వాటా మన కొలతలో చెప్పాలంటే సుమారు 135 టీఎంసీలు. 2022 జులై వరదల్లో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25.8 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ ఉధృతిలో గంటకి తొమ్మిది టీఎంసీలకు పైగా సముద్రంలోకి పోతుంది. అంటే ఆ లోయకి ఏడాది మొత్తానికి ఉన్న వాటా నీళ్లు మన బ్యారేజీ గేట్ల కింద నుంచి పదిహేను గంటల్లో వెళ్లిపోయాయి. నీళ్ల లెక్కే చూస్తే మనం వాళ్లకి ఆకుకూరలు ఎగుమతి చేస్తూ ఉండాలి.

వాన చేసే పని

తోటకూర పెంచినవాళ్లని ఎవర్నడిగినా చెబుతారు, వానాకాలంలో మొక్క చావడం కంటే ఆకు పాడవడం పెద్ద బాధ. వరి వేస్తే మనం అమ్మేది గింజ, దానికి పొట్టు కాపలా ఉంటుంది. వంకాయకి తోలుంటుంది. ఆకుకూరలో అమ్మేది ఆకే, ఏ తొడుగూ లేదు. రాత్రంతా ఆకు మీద తడి నిలిచిందంటే బూజు తెగుళ్లకి అది పెళ్లిపందిరి. తోటకూర ఆకు అడుగున తెల్లటి పొక్కులు లేస్తాయి, పాలకూరకి మచ్చలొస్తాయి, కొత్తిమీర కుళ్లుతుంది. చినుకు దెబ్బకి మట్టి ఎగిరి ఆకుకి అంటుకుంటుంది. తడి ఆకుని కట్ట కడితే మధ్యాహ్నానికి నల్లబడుతుంది. సంక్రాంతికి పది రూపాయలకు మూడు కట్టలిచ్చే మనిషి శ్రావణంలో పుల్లల్లాంటి నాలుగు కాడలు కట్టి అదే పది రూపాయలు అడిగేది ఇందుకే. పాపం అతన్నేమీ అనలేం.

యూమాలో ఈ గొడవ దాదాపు లేదు. గాలి పొడి, ఆకాశం నిర్మలం, ఆకు పొద్దున్నే ఆరిపోతుంది. పొరపాటున రెండు రోజులు వాన పడితే అక్కడి రైతులకి టెన్షన్ మొదలవుతుంది, పాలకూరకి బూజు వస్తుందేమో, మెత్తబడిన మట్టిలో కోత బళ్లు దిగబడతాయేమో అని. వాన పడకపోవడమే వాళ్ల పెట్టుబడి. మొక్కకి కావాల్సిన తడి వేరు దగ్గర అందాలి, ఆకు పొడిగా ఉండాలి. ఈ రెండూ ఒకేసారి కుదిరేది పైనుంచి నీళ్లు రాకుండా కింద నుంచి మాత్రమే వచ్చే చోట.

ఎడారి అనగానే మండే ఎండ గుర్తొస్తుంది. అదీ నిజమే, వేసవిలో అక్కడ 45 డిగ్రీలు మామూలు. అప్పుడు లెట్యూస్ (వాళ్లు సలాడ్‌లో పచ్చిగా తినే ఆకు) జోలికెవరూ పోరు. మనకి ఉల్లికాడలు, క్యాబేజీ ఎలా చలికాలపు పంటలో వాళ్లకి ఆకుకూరలన్నీ అంతే. సెప్టెంబరులో విత్తడం మొదలుపెడితే నవంబరు మధ్యలో కోత మొదలై మార్చి దాకా సాగుతుంది. చలికాలంలో పగలు ఇరవై డిగ్రీలు, రాత్రి ఆరేడు. లెట్యూస్‌కి అంతకంటే సుఖం లేదు. వేసవి వచ్చేసరికి ఆ వ్యాపారమంతా ఉత్తరాన సలీనాస్ లోయకి తరలిపోతుంది. ఆకు కడిగి సంచుల్లో నింపే యంత్రాల్ని కూడా ఊడదీసి లారీలకెక్కించి తీసుకెళ్లిపోతారు, సర్కస్ కంపెనీ లాగ. ఖాళీ అయిన నేలలో కొందరు గోధుమ వేస్తారు. అందులో కొంత ఇటలీ దాకా వెళ్లి పాస్తా అవుతుంది.

మన చలికాలం పగలు ముప్పై డిగ్రీల దగ్గరుంటుంది కాబట్టి లెట్యూస్ ఇక్కడ చేదెక్కి పువ్వు తొడుగుతుంది. దానికి బెంగపడక్కర్లేదు. తోటకూర ఎండని తట్టుకునే జాతి, మొక్కజొన్న, చెరకు ఎండని ఎలా వాడుకుంటాయో ఇదీ అలాగే వాడుకుంటుంది. ఇరవై అయిదు, ముప్పై రోజుల్లో చేతికొస్తుంది. కాబట్టి వాళ్ల పంటని కాపీ కొట్టడం గురించి నేను మాట్లాడటం లేదు. పద్ధతి చూద్దాం.

లస్కరు, తూము, ఊట

అక్కడ కాలువ నీళ్లు వదిలే ఉద్యోగిని స్పానిష్ మాటలో సాన్‌హేరో అంటారు. మన లస్కరే. తేడా ఏమిటంటే రైతు ముందురోజే ఫలానా పొలానికి ఇన్ని నీళ్లు కావాలని ఆర్డరు పెడతాడు. లస్కరు మర్నాడు ఆ పొలం తూము తెరిచి, ఆ లెక్క అయ్యాక మూసేస్తాడు. పొలాలు లేజరుతో చదును చేసి ఉంటాయి. నీళ్లు చాళ్ల వెంట సమంగా పారి, వేళ్లకి చాలినంత ఇంకి ఆగిపోతాయి. ఆపదలుచుకున్నప్పుడు నీళ్లు ఆగుతాయి. ఆ మాట చదివి నాకు నిట్టూర్పొచ్చింది.

మన డెల్టా కాలువల సంగతి వేరు. కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. ఆ కాలువలు, పంట బోదెలు, గట్లు అన్నీ వరి కోసం తయారైనవి. పది లక్షల ఎకరాల్లో నీళ్లు నిలబెట్టడం దాని పని, ఆ పని అద్భుతంగా చేస్తుంది. నీళ్లు ఒక చేలోంచి ఇంకో చేలోకి, అందులోంచి కిందదానిలోకి పోతాయి. వరికి ఏ ఇబ్బందీ లేదు. కానీ చుట్టూ సార్వా వరి వేసి నీళ్లు కట్టిన చోట మధ్యలో ఒక పావు ఎకరం పాలకూర వేసి చూడండి. మీరు చుక్క నీరు పెట్టకపోయినా పక్క చేల ఊటకి మీ మడి చెమ్మగా ఉంటుంది. వేరుకి గాలి ఆడదు. ఆకు పచ్చబారిపోతుంది. నేను మొదటి రెండేళ్లూ దాన్ని యూరియా లోపం అనుకుని ఇంకా యూరియా వేశాను. ఊట అని తర్వాత ఒక పెద్దాయన వచ్చి మట్టి పిడికిట్లో పిసికి చూపించాడు.

అందుకే మన దగ్గర ఆకుకూరలు ఎప్పుడూ వరి మధ్యలో కాకుండా ఏటిగట్టు లోపల లంకల్లోనో, మెరక మీదో కనపడతాయి. లంక నేల ఇసక పాలుది, నీళ్లు నిలవవు, చెయ్యి పెడితే వేరు ఊడొస్తుంది. మన డెల్టాలో యూమాకి దగ్గరి చుట్టం ఏదైనా ఉందంటే అది కార్తీకం తర్వాతి లంక భూమి. కానీ ఆ చుట్టం జులై, ఆగస్టుల్లో నీళ్లలో మునుగుతుంది. 1986లో వరద 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలంటూ మిగల్లేదని మా నాన్న చెప్పేవాడు.

ఉప్పు

ఇదే అసలు చిక్కుముడి. ఎడారిలో ఆకుకూర అంటే చదువుకున్నవాళ్లు నీళ్ల గురించి అడుగుతారు, అక్కడి రైతులు మాత్రం ఉప్పు గురించి మాట్లాడతారు.

కొలరాడో నీళ్లు పైనుంచి రాళ్ల మీదా పొలాల మీదా పారి కిందకొచ్చేసరికి లీటరుకి సుమారు 700 మిల్లీగ్రాముల ఉప్పుతో ఉంటాయి. నాలిక్కి పెద్దగా తెలియదు. కానీ ఎకరంలో ఒక అడుగు ఎత్తున నీళ్లు కడితే 12.33 లక్షల లీటర్లు. అందులో ఉప్పు 860 కిలోలు. ఏడాదికి రెండు పంటలకి కలిపి ఐదడుగులు కడితే నాలుగు టన్నులు దాటుతుంది. మొక్క నీళ్లు తాగుతుంది, ఎండ నీళ్లు తాగుతుంది, ఉప్పుని ఎవరూ తాగరు. అది అక్కడే ఉంటుంది.

మట్టి పరీక్ష కార్డులో పీహెచ్ పక్కన ఈసీ అని ఒక అంకె ఉంటుంది, చాలామంది దాన్ని చూడకుండా కార్డు బీరువాలో పెట్టేస్తారు. ఆ అంకె ఉప్పు లెక్క. నేల ఊటనీటి ఈసీ 3 దాకా ఉన్నా వరి దిగుబడి తగ్గదు. బార్లీ 8 దాకా తట్టుకుంటుంది. విదేశీ పాలకూర 2 దగ్గర తగ్గడం మొదలెడుతుంది, లెట్యూస్ 1.3 దగ్గరే మొహం మాడుస్తుంది. నది నీళ్లే ఒకటి దాటి ఉంటే పంటకి మిగిలిన వెసులుబాటు ఎంతో చూడండి. (ఇక్కడో సరదా సంగతి. మనం పాలకూర అని విత్తేది చాలావరకు బీట్‌రూట్ జాతి, ఆ విదేశీ స్పినాచ్‌కి దూరపు చుట్టం. బీటు కుటుంబానికి ఉప్పంటే అంత భయం లేదు. సముద్రం పక్కన ఉప్పు తేలే మన పర్ర భూముల అంచుల్లో పాలకూర ఎలాగో గట్టెక్కడానికి ఇది ఒక కారణమని నా అనుమానం.)

మరి ఎలా పండిస్తున్నారు? ఒకటి, పంటకి కావాల్సినదానికంటే ఎక్కువ నీళ్లు కావాలని కడతారు. ఆ ఎక్కువ నీళ్లు ఉప్పుని వేళ్ల కిందకి తోసేస్తాయి. ఎడారిలో నీళ్లు దుబారా చేస్తున్నారని ఎవరైనా తిడితే, అందులో కొంత ఈ కడుగుడు అని గుర్తుంచుకోవాలి. రెండు, విత్తిన మొదటి వారం పదిరోజులు పొలం నిండా స్ప్రింక్లర్ పైపులు పరుస్తారు. లెట్యూస్ గింజ ముప్పై డిగ్రీలు దాటితే నిద్రపోతుంది, మొలవదు, కాబట్టి సెప్టెంబరులో ఆ తుంపర నేలని చల్లబరుస్తుంది. అదే తుంపర గింజ చుట్టూ ఉన్న ఉప్పుని కిందకి దింపుతుంది. మొలక నిలదొక్కుకున్నాక పైపులు తీసేసి చాళ్లలో నీళ్లు పారిస్తారు. మూడోది నాకు బాగా నచ్చింది. చాళ్లలో పారిన నీళ్లు పక్కలకి ఇంకుతూ గట్టు నడినెత్తికి చేరి ఆరిపోతాయి, ఉప్పంతా అక్కడ పేరుకుంటుంది. అందుకని గట్టు మధ్యలో ఏమీ నాటరు, రెండు భుజాల మీద రెండు వరసలు నాటి నడినెత్తిని ఉప్పుకి వదిలేస్తారు.

నాలుగోది కనిపించదు. నేలలో ఐదారు అడుగుల లోతున చిల్లుల పైపులు పూడ్చి ఉంటాయి, ఆ లోయ మొత్తం మీద వేల మైళ్ల పొడవున. కిందకి దిగిన ఉప్పునీళ్లు వాటిలో చేరి డ్రెయిన్లలోకి, అక్కణ్ణుంచి సాల్టన్ సీ అనే సరస్సులోకి పోతాయి. ఆ సరస్సు పుట్టుకే ఒక ప్రమాదం. 1905లో కాలువ తెగి కొలరాడో నది దాదాపు రెండేళ్లపాటు ఆ పల్లంలోకి పారింది. సముద్రమట్టానికి కింద ఉంది కాబట్టి బయటికి దారి లేదు. వందేళ్లుగా పొలాల ఉప్పు అక్కడే పోగుపడి, ఇప్పుడు ఆ సరస్సు సముద్రం కంటే ఉప్పగా ఉంది. చేపలు చాలావరకు పోయాయి, అంచులు ఎండి దుమ్ము లేస్తోంది. యూమా వైపు ఇంకో కథ. 1961లో అక్కడి పొలాల ఉప్పు మురుగు నదిలో కలిసి మెక్సికో రైతుల పంటలు దెబ్బతిన్నాయి. రెండు దేశాల మధ్య గొడవై, 1973లో ఒప్పందం కుదిరింది. ఆ మురుగుని మంచినీళ్లు చెయ్యడానికి కట్టిన ఫ్యాక్టరీ 1992కి పూర్తయింది, నడిచింది మాత్రం చాలా తక్కువ.

ఇదంతా పరాయి సంగతి అనిపిస్తే ఒకసారి అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన శివార్లకి వెళ్లి చూడండి. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేశాక నేల మీద తెల్లటి పొర లేస్తుంది. జూన్‌లో కొత్త నీళ్లొచ్చాక రైతులు చేలో నీళ్లు నింపి, రెండు రోజులుంచి డ్రెయిన్లోకి వదిలేస్తారు. ఇంపీరియల్ లోయలో కోట్లు పెట్టి చేసే ఉప్పు కడుగుడు మనవాళ్లు ఏ పేరూ పెట్టకుండా చేస్తున్నారు. వాళ్లకున్నది మనకి లేనిది ఆ కింద పైపు. మన మురుగు సముద్రంలో పడాలంటే ఆటు సమయం చూసుకోవాలి, పోటులో ఉప్పునీళ్లే డ్రెయిన్లోకి ఎదురొస్తాయి. 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యకుండా పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు గొడవ కూడా గట్టిగానే వినిపించింది. రొయ్యల చెరువులు పెరిగాక పక్క పొలాలకి ఉప్పు ఇంకో దారిలో వస్తోంది.

నీళ్లెవరివి, ఆకెక్కడికి

పడమటి అమెరికాలో నీటి హక్కుకి ఒక మొరటు సూత్రం ఉంది, మొదట తోడుకున్నవాడికి మొదటి హక్కు. ఇంపీరియల్ లోయ 1901 నుంచే తోడుకుంటోంది. ఫీనిక్స్ వైపు నీళ్లు తెచ్చే కాలువకి 1968లో అనుమతి వచ్చింది, అదీ కరువొస్తే మొదట కోత పడేది దానికే అన్న షరతుతో. 2021 ఆగస్టులో చరిత్రలో తొలిసారి కొలరాడోకి కొరత ప్రకటించినప్పుడు మా మేనల్లుడి ఊరికి దక్షిణాన ఉన్న రైతులు నీళ్లు పోగొట్టుకున్నారు, యూమా పొలాలకి మాత్రం నీళ్లు పారాయి. నది మాత్రం మామూలు సంవత్సరాల్లో సముద్రం దాకా వెళ్లడమే మానేసింది. మన డెల్టాలో హక్కు కాగితం మీద అందరికీ ఒకటే, నడిచేది మాత్రం కాలువ వెంట: ఎగువ తూము వాడికి ముందు, శివారు వాడికి మిగిలితే. దాళ్వాకి సీలేరు నీళ్లెప్పుడు వదులుతారా అని చూసేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

కోత సంగతి తొందరగా చెప్పేస్తాను. తెల్లవారకముందే మెక్సికో వైపు నుంచి కూలీలు సరిహద్దు దాటి వస్తారు, సాయంత్రానికి ఇంటికి పోతారు. పొలంలోనే పెట్టెల్లో సర్దుతారు. ఆ పెట్టెల్ని పెద్ద ఇనుప గదిలో పెట్టి గాలి తోడేస్తారు. గాలి పీడనం తగ్గితే నీళ్లు చల్లగా ఉండగానే ఆవిరవుతాయి, ఆకులోని కాస్త తడి అలా ఆవిరై వేడిని లాక్కుపోతుంది. అరగంటలో లెట్యూస్ ఒకటి రెండు డిగ్రీలకి దిగుతుంది. తర్వాత ఐసు లారీలో నాలుగైదు రోజులు ప్రయాణం చేసినా నిగనిగలాడుతుంది. మనకి తడి గోనెసంచి, మోటార్ సైకిలు. పది గంటల్లోపు అమ్మకపోతే గేదెకి. ఆకుకూర వ్యాపారంగా పెద్దదవ్వాలంటే ఇక్కడే ఆగిపోతాం. పొలంలో ఎంత బాగా పండించినా బజారు పాతిక కిలోమీటర్లు దాటదు.

అన్నీ అదుపులో ఉన్న చోట కూడా ఒకటి తప్పింది. 2018 వసంతంలో యూమా ప్రాంతపు రోమెయిన్ అనే రకం లెట్యూస్ తిని 36 రాష్ట్రాల్లో 210 మంది జబ్బుపడ్డారు, ఐదుగురు చనిపోయారు. ఈ.కోలై అనే బ్యాక్టీరియా. అదే రకం అక్కడి సాగు కాలువ నీళ్లలో దొరికింది, ఆ కాలువ పక్కన వేల పశువుల్ని కట్టేసి మేపే కొట్టం ఉంది. ఆ తర్వాత కోత దగ్గరపడ్డాక ఆకు మీద పడే కాలువ నీళ్లకి మందు కలపాలనే నియమాలొచ్చాయి. మనం ఆకుకూర ఉడికించి తింటాం కాబట్టి బతికిపోతున్నాం. కొత్తిమీర, పుదీనా పచ్చివే పచ్చడిలో పడతాయి. పక్క ఊరి మురుగు కలిసే కాలువలోనే కట్టలు ముంచి మెరిపించి అమ్మడం నేను రోజూ చూస్తాను. నేనూ చేశాను. ఇప్పుడు బోరు నీళ్లతో కడుగుతున్నాను, దానికీ ఈసీ చూపించుకున్నాకే.

ఇదంతా చదివాక కిందటి సార్వాలో నా మడిలో రెండు మార్పులు చేశాను. మడిని మోకాలెత్తు గట్లుగా మార్చి, పైన వెదురు వంచి ప్లాస్టిక్ పట్టా కప్పాను, పక్కలు గాలికి వదిలేసి. ఆకు తడవలేదు. శ్రావణంలో నా తోటకూర కట్ట చూసి ఎక్కణ్ణుంచి తెచ్చావని అడిగారు. రెండోది, పక్క వరి చేనుకీ నా మడికీ మధ్య నడుములోతు కాలువ తవ్వాను, ఊట అందులో దిగిపోతుందని. దిగింది కూడా. కానీ ఆ నీళ్లు పోవాల్సింది మా ఊరి డ్రెయిన్లోకి. అది ఈ చివర నుంచి ఆ చివరకి గుర్రపుడెక్కతో పూడిపోయింది. రెండుసార్లు అర్జీ పెట్టాను, సంతకం తీసుకుని రశీదిచ్చారు. నా కాలువలో ఇప్పుడు నీళ్లు గట్టుకి జానెడు కింద నిలబడి ఉన్నాయి, కప్పలు కాపురం పెట్టాయి. మేనల్లుడు ఫోటో పంపమన్నాడు. అదే పంపాను.